కుట్టిన చేతులతోనే

మొదటి దుప్పటిని మేనేజరు తనే చింపి చూపించాడు.

బల్ల మీద పరిచి, నడిమధ్యన బ్లేడు దించి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క లాగు లాగాడు. లోపలి దూది తెల్లగా పైకి పొంగింది. అది పాతదీ కాదు, మచ్చ పడ్డదీ కాదు. మొన్న మొన్నటిదాకా మా మిషన్ల కింద మెసిలిన కొత్త దుప్పటి.

"చూశారుగా? ఇట్లా రెండు ముక్కలు చేసి ఆ మూల పడెయ్యండి. గోడౌన్ ఖాళీ అయ్యేదాకా అందరికీ ఇదే పని."

"సార్, పొరపాటున మంచిదాన్ని చింపినట్టున్నారు, చూసుకోండి," అంది గడుగ్గాయి. మా సెక్షన్లో అందరికంటే చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది. ఎప్పుడూ నవ్వే మేం ఆరోజు నవ్వలేదు.

"ఆర్డరిచ్చినవాళ్ళు వద్దన్నారు. చలికాలం దాటిపోయింది. అగ్గువకి అమ్మితే మన సరుక్కి మర్యాద పోతుంది. అయినా మీకెందుకమ్మా ఇవన్నీ? కుట్టినా కూలే, చింపినా కూలే. పైసా తగ్గించం."

"పోనీ మాకే అమ్మండి సార్."

"ఒక్కటి గేటు దాటిందా, అన్నీ దాటుతాయి."

అతను బ్లేడ్ల పెట్టె బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయాడు.

మా సెక్షన్ అంతా ఆడవాళ్ళమే. ఒకరు దూది పరుస్తారు, ఒకరు గుడ్డలు జతచేసి కుడతారు. చివరికి అన్నీ పెద్దక్క దగ్గరికి చేరతాయి. అంచు మడిచి కుట్టేది ఆవిడ. ఈ షెడ్డుకి రేకులు కప్పిన నాటి నుంచీ అదే పని. మడత నొక్కీ నొక్కీ ఆవిడ కుడి బొటనవేలి గోరు అరిగి పలకలా అయిపోయింది. మేనేజరు కూడా ఆవిడని పెద్దక్కా అనే పిలుస్తాడు.

ఆరోజు ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. కంచం ముందు కూర్చుని విన్నాడు.

"చింపడం తేలిక కదే. నీ నడుం నొప్పన్నా తగ్గుద్ది. డబ్బులిస్తామంటే ఏడుస్తావేంటి?"

నా దగ్గర జవాబు లేదు. నా మీద నాకే కోపం వచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేసుకుంటూ తోమాను.

రెండు రోజులు పోయాక సూపర్‌వైజరు మూలన పడ్డ గుట్టలోంచి ఒక ముక్క తీశాడు. ఇంకోటి తీశాడు. అతని మొహం ఎర్రబడింది.

"ఇవి చింపినవా, విప్పినవా?"

అప్పుడు చూసుకున్నాం మేమూ. మేనేజరు చింపింది తప్ప, గుట్టలో ఒక్క దుప్పటికీ నడిమధ్యన కోత లేదు. అంచు వెంబడి దారం మాత్రం తెగి ఉంది. పైగుడ్డ, లోగుడ్డ, దూది, దేనికది చెక్కు చెదరకుండా విడివిడిగా పడి ఉన్నాయి. మాలో ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. బ్లేడు పట్టుకుంటే చెయ్యి దానంతటదే దారం మీదికి పోయింది. గుడ్డని కొయ్యడం మాకెవరు నేర్పారు గనక?

"రేపు ఎవడైనా వీటిని మళ్ళీ కుట్టేసుకుంటాడే!"

"అవును బాబూ, కుట్టుకోవచ్చు," అంది పెద్దక్క.

అతను ఒక కొత్త దుప్పటి తెచ్చి ఆవిడ ముందు విసిరాడు. "కొయ్యి. మధ్యకి. నేను చూస్తుండగా కొయ్యి."

పెద్దక్క బ్లేడు తీసుకుంది. దుప్పటి మీద చెయ్యి వేసి ముడతలు సర్దింది. మళ్ళీ బ్లేడు కింద పెట్టేసింది.

"నా వల్ల కాదు. ఇన్నేళ్ళూ ఎవరు కప్పుకుంటారో నాకు తెలీదు. ఎక్కడో ఎవరో వెచ్చగా పడుకుంటున్నార్లే అనుకునేదాన్ని. ఇంటికాడ ఎంత పోరున్నా ఆ ఒక్క మాట మీదే పొద్దున్నే లేచొచ్చేదాన్ని. అది కూడా నాతోనే కోయిస్తానంటే ఎట్లా బాబూ?"

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు సూపర్‌వైజరు. "టిఫిన్ డబ్బా తీసుకుని పో."

మధ్యాహ్నం భోజనాల షెడ్డులో అందరం మూగాం. యూనియన్ కార్యదర్శి పరుగున వచ్చాడు.

"ముందు డిమాండేంటో చెప్పండమ్మా. కూలి పెంచాలా? బోనసా? ఓవర్‌టైమా?"

"చింపం. అంతే," అంది గడుగ్గాయి.

"అది డిమాండ్ కాదు తల్లీ. కూలి ఎగ్గొడితే నేను వాళ్ళ మెడ పట్టుకోగలను. కూలి ఇస్తున్నారు. మా పనికి అర్థం కావాలి అని అడిగితే నవ్విపోతారు."

"నవ్వక ఏం చేస్తారు?" దూది పరిచే ఆవిడ లేచింది. ముగ్గురు పిల్లల తల్లి, మొగుడు లేడు. "మీ అర్థం నా పిల్లల కంచంలో పెట్టమంటారా? నేనిక్కడికి వచ్చేది డబ్బుల కోసం. పెద్దక్క కోసం నా పొయ్యి ఆర్పుకోలేను."

"అయితే కొయ్యవే! నీ గుట్టలో మాత్రం ఒక్కటన్నా మధ్యకి కోశావా?" అని అరిచింది గడుగ్గాయి. "చూపించు, ఒక్కటి చూపించు!"

దూదావిడ విసురుగా కూర్చుంది. ఆవిడ గుట్ట కూడా మా గుట్టలాంటిదే.

అప్పుడొచ్చింది నాకు, మా ఆయనకి చెప్పలేకపోయిన జవాబు.

"అన్నా, ఇంట్లో కూడా పొద్దున చేసింది సాయంత్రానికి ఉండదు. కడిగిన గిన్నె మళ్ళీ ఎంగిలవుద్ది. విసుక్కుంటాను, తిట్టుకుంటాను, కానీ కడుగుతాను. ఎందుకంటే ఎవరో తిన్నారు గనక ఎంగిలైంది. వీళ్ళు వండించి, ఎవరూ ముద్ద ముట్టకుండా మాతోనే మట్టిలో పోయిస్తున్నారు. కూలిచ్చాం గదా నోర్మూసుకోండి అంటున్నారు. వాళ్ళు కొన్నది మా పొద్దు. మేం ఎందుకు బతికామన్నది కూడా కొనేశారా?"

కార్యదర్శి తల గోక్కున్నాడు. "మాట బాగుంది. కానీ ఏ చట్టం కింద..."

"నువ్వు చట్టం వెతుక్కుంటూ ఉండన్నా," అంది పెద్దక్క డబ్బా మూత పెడుతూ. "నా మిషన్ మీద నా కళ్ళజోడు ఉండిపోయింది. తెచ్చుకోవాలి."

ఆవిణ్ణి మధ్యలో పెట్టుకుని అందరం లోపలికి నడిచాం. కళ్ళజోడు తీసుకుని ఆవిడ బయటికి రాలేదు. దాన్ని పెట్టుకుని మిషన్ ముందు కూర్చుంది. గుట్టలోంచి విప్పిన దుప్పటి ఒకటి లాక్కుని, అంచు మడిచి పెడల్ తొక్కింది. మోటారు మోగింది. ఆ పక్క మిషన్ మోగింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి షెడ్డంతా ఎప్పటి మోతే.

మేనేజరు వచ్చి మెయిన్ స్విచ్ దించేశాడు.

ఒక్కసారిగా చీకటి, నిశ్శబ్దం. "అయిపోయిందా మీ ఆట? లేవండి!"

లేచింది ఒక్క దూదావిడే. ఇక బ్లేడు పట్టుకుంటుందనుకున్నాం. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురున్నచోట నేల మీద కూర్చుంది. మెడ దగ్గర బట్టకి గుచ్చుకున్న సూది తీసింది. కుట్టుపని చేసేవాళ్ళందరికీ అక్కడ ఒక సూది ఉంటుంది. దారం నోట్లో తడిపి ఎక్కించింది.

"చూస్తారేం? జరగండి, వెలుతురుకి అడ్డం," అంది.

అందరం కిటికీల కింద చేరాం.

పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు చుట్టూ చూశాడు. "ఏం పగలగొట్టారు?"

"ఏమీ లేదు," అన్నాడు మేనేజరు.

"ఎవర్నన్నా కొట్టారా?"

"లేదండీ."

"మరి ఏం చేస్తున్నారు?"

"కుడుతున్నారు సార్!"

ఇన్‌స్పెక్టరు గోడ మీది కంపెనీ బోర్డు వంక చూశాడు, మేనేజరు వంక చూశాడు. "ఇది కుట్టే ఫ్యాక్టరీయే కదయ్యా?"

గడుగ్గాయి పకపకా నవ్వింది. ఆ మూడు రోజుల్లో మేం నవ్విన నవ్వు అదొక్కటే. కానీ మేనేజరు అతని చెవిలో ఏదో అన్నాడు. పెద్దక్కని వ్యానెక్కమన్నారు.

ఆవిడ కుడుతున్న దుప్పటి నా ఒళ్ళో పెట్టింది. "మూల దగ్గర మడత జారుద్ది. బొటనవేలితో గట్టిగా అదుముకో," అంది. నడిచి వెళ్ళిపోయింది.

వ్యాన్ గేటు దగ్గర ఆగిపోయింది. ప్యాకింగ్ మగవాళ్ళు లారీ వదిలేసి దానికి అడ్డంగా నిలబడ్డారు. యూనియన్ కార్యదర్శి కూడా అక్కడే ఉన్నాడు. ఇంకా ఏ చట్టమూ దొరికినట్టు లేదు, ముందు వరసలోనే ఉన్నాడు. లాఠీలు లేచిన చప్పుడు విన్నాం. పక్కకి జరగం అన్న నినాదమూ విన్నాం. మాలో సగం మంది గేటుకి పరుగెత్తారు.

చివరికి వ్యాన్ దారి చేసుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ పెద్దక్కని స్టేషన్ నుంచి వదల్లేదు. మమ్మల్ని గేటు లోపలికి రానివ్వడం లేదు. గేటు బయటే కూర్చుంటున్నాం. అవతలి ఫ్యాక్టరీ వాళ్ళు వస్తున్నారు, కాలేజీ పిల్లలు వస్తున్నారు. మీ డిమాండ్ ఏంటని అడుగుతున్నారు. చెబుతున్నాం.

లోపల బల్ల మీద బ్లేడ్లు అలాగే ఉన్నాయట. చింపడానికి బయటి నుంచి కూలివాళ్ళని తెచ్చారు. వాళ్ళు మా మాట విని, గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగారు.