కోయని కడియం

సీమోనుకు పాత సామానంటే పిచ్చి. తాళాలు, సున్నపు డబ్బీలు, అడకత్తెరలు, ఎడ్ల మెడ గంటలు ఏవి కనిపించినా ఇంటికి మోసుకొస్తాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సరుకుల బండి నడిపి రాగానే వాటిని ఒకసారి తుడిచి చూసుకోకపోతే అతనికి ముద్ద దిగదు. భార్య సునీల తిట్టి తిట్టి నోరు నొప్పెట్టి ఊరుకుంది.

ఆ సామానంతటికీ రాజు ఒక వెండి కడియం. తాత జాన్ పాల్ పోయాక ఆయన రేకు పెట్టెలో బైబిలు కింద దొరికింది. వెనకటి రోజుల్లో పెళ్లినాడు కంసాలి ఆడపిల్ల కాలికి కడియం తొడిగి, కొనలు కలిపి బిగించేసేవాడు. మళ్లీ తీయాలంటే కోయాల్సిందే. అందుకే అలాంటివి ఎక్కడ దొరికినా కోతతోనే దొరుకుతాయి. తాత కడియానికి కోత లేదు, పక్కన లోతుగా ఒక నొక్కు మాత్రం ఉంది. ఏ నాగలి మొనో తగిలి ఉంటుందిలే అనుకున్నాడు. కోయని కడియమని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడే తప్ప, కోయకుండా అది కాలి నుంచి ఎలా వచ్చిందని మన మహానుభావుడికి ఒక్కనాడూ తట్టలేదు.

దానికి జోడీ దొరకడం లేదన్నదే అతని దిగులు. ఆ దిగులు తీర్చినవాడు రాములు. కాటేదాన్‌లో పాత ఇనుము కొట్టు అతనిది. మంచి వస్తువు వస్తే కొలిమికి పంపకుండా సీమోను కోసం పక్కన పెడతాడు.

"మీ తాత కడియం అసుంటిదే ఇంగొకటి చూసిన అన్నా," అన్నాడు రాములు. "మంఖాల్‌ల సత్తెమ్మ అని ముసలామె ఇంట్ల, దేవుని గూట్ల ఉన్నది. అవే చేప పొలుసులు, అదే పని."

ఆదివారం ఆరాధన కాగానే సీమోను మంఖాల్ వెళ్లాడు. సత్తెమ్మ కొడుకు కుర్మయ్య వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. మాటలు కలిశాయి, చాయ్ వచ్చింది. గూట్లో పసుపు పూసిన కడియం, కంసాలి కోసిన కోతతో సహా, కనిపించింది. సీమోను ఆగలేకపోయాడు. జేబులోంచి తనది తీసి దాని పక్కన పెట్టి, "చూడు పెద్దమ్మా, జోడీ కలిసింది!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

సత్తెమ్మ నవ్వలేదు. వేలితో నొక్కును తడిమింది.

"గిది నన్ను గన్న అవ్వది బిడ్డా. చంద్రమ్మది. నేను చిన్నపోరిని. సంత నుంచి వస్తుంటే గుట్ట కాడ ఒకడు గొడ్డలి పట్టుకొని అడ్డమొచ్చిండు. కడియాలు తియ్యమన్నడు. ఊడితె గద తీసిచ్చేది? అవ్వ నన్ను తంగెడు పొదల్లకు నూకింది. వాడు ఆమె కాలు బండ మీద పెట్టి నరికిండు. మొదటి దెబ్బ కడియానికే తాకింది. రెండో దెబ్బకు గూడ తెగలే, మూడో దెబ్బకు పాదం తెగింది, కడియం గుంజుకున్నడు. ఇంగో కాలు పట్టంగ అవ్వ వాని చెయ్యి దొరికిచ్చుకొని కొరికింది. వాడు ఉరికినంక నేను పోయి చూస్తె, అవ్వ నోట్ల వాని బొటనేలు ఉన్నది. గట్లనే సచ్చింది."

సీమోనుకు తాత చెయ్యి గుర్తొచ్చింది. తాత ఎడమ చేతికి బొటనవేలు లేదు. గడ్డి కోసే మిషన్‌లో పడిందని చెప్పేవాడు. సంఘ పెద్దగా ఆ నాలుగువేళ్ల చేతినే సీమోను నెత్తిన పెట్టి ఆశీర్వదించేవాడు.

కుర్మయ్య గొడ్డలితో గడపలోకి వచ్చాడు. పుట్టిన దగ్గర్నుంచి ఆ గూటికి మొక్కుతూ పెరిగినవాడు.

"ఏడికెల్లి వచ్చింది నీకు?"

"కాటేదాన్‌ల... రాములు దగ్గర కొన్న అన్నా."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! కుర్మయ్య అతన్ని కాలరు పట్టి లేపి, గొడ్డలి ముందు పెట్టుకుని, బండి మీద వెనక కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడుగునా నిజం చెప్పడానికి ఎంత చోటుందో అంతా సీమోను కళ్లముందే వెనక్కి పోయింది. రాములు కాదంటాడు, గొడవ అటూ ఇటూ అయి చల్లారుతుంది అనుకున్నాడు పిరికివెధవ.

కొట్టు ముందు దిగీ దిగగానే కుర్మయ్య కడియం చూపించి, "గిది వీనికి అమ్మినవట, నీకెవలు అమ్మిన్రు?" అంటూ రాములును మొహం మీద కొట్టాడు. ఇనుప చువ్వల మీద పడి రాములు నుదురు చిట్లింది. లేవబోతే డొక్కలో తన్నాడు. నోట్లోంచి రక్తం, దాంతో ఒక పన్ను నేలమీద పడ్డాయి.

"నేను అమ్మలే అన్నా! గది సీమోనన్న తాతది! సీమోనన్నా, నువ్వన్న చెప్పు!"

కుర్మయ్య తిరిగి చూశాడు. అతని చేతిలో గొడ్డలి సీమోను మోకాలి ఎత్తున వేలాడుతోంది. చర్చికి వేసుకున్న తెల్లచొక్కాలో సీమోను చెమటతో తడిసిపోయాడు.

"అబద్ధం. నీ దగ్గరనే కొన్న గద, రాములూ."

కుర్మయ్య రాములు ఎడమ చెయ్యి గుంజి, ఇనుము సాగగొట్టే దిమ్మె మీద పెట్టి, మోకాలితో తొక్కిపట్టాడు.

"చెప్పవు గద, ఎవలు అమ్మిన్రో. మా అమ్మమ్మ ఒక్క వేలు తీసుకపోయింది. నాకు ఇంగొకటి కావాలె."

గొడ్డలి లేచింది. గొడ్డలి దిగాక, రాములు కేక విన్నాక, బొటనవేలు ఇనుప రజనులో పొర్లడం చూశాక సీమోను అరిచాడు.

"మా తాతదే! మా తాతకు బొటనేలు లేకుండె! నన్ను కొట్టు, నన్ను!"

కుర్మయ్య కొట్టాడు. గొడ్డలి వెనక్కి తిప్పి మోకాలి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు సీమోనుకే వినపడింది. మళ్లీ ఎత్తేలోగా పక్క షెడ్ల మనుషులు పరుగెత్తుకొచ్చి కుర్మయ్య మీద పడ్డారు.

కుర్మయ్య ఇప్పుడు జైల్లో ఉన్నాడు. కడియాలు రెండూ సాక్ష్యం కింద పోలీసుల దగ్గర, ఒకే సంచిలో సీలు పడి ఉన్నాయి. ఇన్నాళ్లకు జోడీ కలిసింది.

దవాఖానలో పక్కపక్క మంచాలు దొరికాయి. వేలు అతకలేదు. రాములు రెండురోజులు గోడవైపు తిరిగే పడుకున్నాడు. సీమోను క్షమించమని ఎన్నిసార్లో ఏడ్చాడు. మూడోరోజు డాక్టరు కట్టు మార్చి వెళ్లాక, ఇటు తిరిగి, ఆ చేతిని సీమోను కళ్లముందుకు చాపాడు.

"మంచిగ చూడు అన్నా," అన్నాడు. "మీ తాతది గూడ గిట్లనే ఉండెనా?"

సీమోను చూశాడు. అచ్చం అలాగే ఉంది.