భుజం మీద చిరుగు

ముప్ఫై తొమ్మిదేళ్ళకి మొదటిసారి ఒక మగాడు వెనకనుంచి చూసి నన్ను సన్నటి మనిషి అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే జుట్టు పట్టుకుని వెనక్కి లాగి చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. వాడి సంగతి చెప్పాలంటే ముందు నా బట్టల సంగతి చెప్పాలి.

నా పేరు సాయిదుర్గ. పెళ్ళి కాలేదు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఇచ్చిన కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచిపోయారు. ఏలూరులో చేపల మేత అమ్మే కంపెనీలో పన్నెండేళ్ళుగా స్టాకు చూసే పని నాది. గోడౌన్ల తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి. సాయిదుర్గ చేతిలో పెడితే గింజ కూడా పోదని మా ఓనరు పదిమందిలో అనేవాడు. నాకంటూ ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

మొన్న ఫిబ్రవరిలో విజయవాడ వెళ్ళి పొట్టకి ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పటికి నూట ఇరవై రెండు కిలోలున్నాను. పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత చేసి కుట్టారు. ఆ తర్వాత నా తిండి ఒక ఇడ్లీ, నాలుగు చెంచాల పప్పన్నం. అంతకుమించి ఒక్క ముద్ద తిన్నా కక్కుకోవడమే. ఒళ్ళు కరగడం మొదలైంది, జుట్టు ఊడడం మొదలైంది, బట్టలు జారడం మొదలైంది. మొదటి రెండూ డాక్టరు చెప్పాడు. మూడోది ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో కొన్న చుడీదార్ జూన్ నాటికి నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత వదులైంది. మా వీధి టైలరు రెండుసార్లు కుట్లు లోపలికి వేశాడు. మూడోసారి, "ఇంక ఇది డ్రెస్సు కాదండీ, అంతా కుట్లే," అని తిరిగిచ్చేశాడు. దాచుకున్నదంతా ఆస్పత్రికే పోసి వచ్చాను. నెలకో సైజు కొత్తబట్టలు కొనడానికి నేనేమీ జమీందారు కూతుర్ని కాదు. సేఫ్టీపిన్నులు గుచ్చుకుని ఆఫీసుకు వెళ్ళేదాన్ని. పిన్ను ఊడి ఒకరోజు ప్యాంటు జారింది. కుర్రకారు నవ్వారు. లావుగా ఉన్నప్పుడూ నవ్వారు, తగ్గినా నవ్వారు. కాలిపోయింది నాకు.

అప్పుడే తాడేపల్లిగూడెంలో మా పిన్ని ఇంట్లో హన్నమ్మ కనిపించింది. స్టీలు సామాను బుట్ట నెత్తినపెట్టుకుని, పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. అందరూ ఆవిడకి బట్టలిచ్చి గిన్నెలు తీసుకుంటారు. నేను వ్యవహారం తిరగేశాను.

"హన్నమ్మగారూ, నేను గిన్నెలిస్తాను. నాకు బట్టలిస్తారా?"

ఆవిడ బుట్ట దించి పడీపడీ నవ్వింది. "ముప్ఫయ్యేళ్ళ నుంచి తిరుగుతున్నానండీ, ఈ బేరం ఎవరూ ఆడలేదు."

నా ఇంట్లో ఒక్కదాని వంటకి పెళ్ళిభోజనాల గిన్నెలుండేవి. ఇప్పుడు టీ కాచుకునే గిన్నెలో అన్నం వండినా మిగులుతోంది. అందుకని ప్రతి ఆదివారం ఒక పెద్ద గిన్నె పట్టుకుని రైలెక్కి గూడెం వెళ్ళేదాన్ని. హన్నమ్మ ఇంటి వరండాలో మూటలు విప్పి, నాకు సరిపోయేవి ఏరుకుని, వదులైపోయినవి తిరిగి ఆవిడకే ఇచ్చేసేదాన్ని. ఆవిడకో నియమం ఉంది. ఏ ఊళ్ళో తీసుకున్న బట్ట ఆ ఊరివైపు అమ్మదు. తన చీర ఇంకొకరి ఒంటిమీద చూస్తే ఏ ఆడదానికైనా మనసు చివుక్కుమంటుందని. "ఇది నల్లజర్లలో తీసుకున్నానండీ, అటువైపు మాత్రం వేసుకెళ్ళకండి," అని ఒక్కో బట్టకీ ఊరు చెప్పి మరీ ఇచ్చేది.

అక్టోబరు నాటికి డెబ్బై ఆరు కిలోలకి దిగాను. అప్పుడిచ్చింది ఆకుపచ్చ డ్రెస్సు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఎడమ భుజం దగ్గర జానెడు చిరుగుంది. దాన్ని ఎర్రదారంతో చేత్తో కుట్టారు. అద్దంలో నన్ను నేను చూసుకుని, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడ్చాను.

"ఈ కొలతవి ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

"ఆ అమ్మాయి దగ్గరున్నాయండీ. ఒక్కోటే ఇస్తోంది. పేరు శ్రావ్య. మొగుడు చంపేస్తాడని బట్టల సంచితో బయటపడిందంట. నల్లజర్లలో మొక్కల నర్సరీలో కూలిపని. ఇంట్లో గరిటె కూడా లేదు పాపం. ఒక డ్రెస్సిచ్చి ఒక గిన్నె తీసుకుంటోంది. మీరిచ్చిన గిన్నెలు ఆ పిల్లకే ఇచ్చానండీ."

మరుసటి వారం మెరూన్ రంగు పట్టు డ్రెస్సు వచ్చింది, చేతులకి ముత్యాలు కుట్టి. నేను మామూలు కంటే రెండు గిన్నెలు ఎక్కువిచ్చాను. ఆ పిల్ల మొహం చూడకపోయినా తన వంటిల్లు నేను అమరుస్తున్నట్టూ, నా ఒంటికి తను బట్టలు అమరుస్తున్నట్టూ అనిపించేది. ఆ పిల్లది ఏ ఊరో హన్నమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. బట్ట తీసుకున్న ఊరు తెలిస్తే చాలనుకున్నాం. మేము చేసిన తప్పు అదే.

నవంబరులో ఆ ఆకుపచ్చ డ్రెస్సు వేసుకుని స్టాకు చూడ్డానికి ఆకివీడు వెళ్ళాను. అక్కడ మా డీలరు భీమశంకరం గారు. ఆయన గోడౌన్ గుమ్మం దగ్గర, రోడ్డువైపు వీపు పెట్టి, తవుడు బస్తాలు లెక్కపెడుతున్నాను. వెనక బైకు ఆగిన చప్పుడైంది. అంతలో నా జడ ఎవరి గుప్పిట్లోకో వెళ్ళింది.

"ఎన్నాళ్ళు దాక్కుంటావే?"

చెంప మీద ఒకటి, తేరుకునేలోపు చెవి మీద ఇంకొకటి. ఊడే జుట్టేమో, పిడికెడు వాడి చేతికి వచ్చేసింది. బస్తాల మీద బోర్లా పడ్డాను. నడుం మీద తన్నాడు. పొట్టకి తగలకూడదని మోకాళ్ళు ముడుచుకున్నాను. ఇద్దరు హమాలీలు, భీమశంకరం గారు, ఆయన గుమస్తా నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ కదల్లేదు.

వాడు నా భుజం పట్టి ఇవతలికి తిప్పి మొహం చూశాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"అయ్యయ్యో, క్షమించండమ్మా. మా ఆవిడనుకున్నానండీ," అన్నాడు.

ఆ ఒక్క మాటతో గోడౌన్లో అందరికీ మనసు కుదుటపడింది. భీమశంకరం గారు మంచినీళ్ళ సీసా ఇచ్చారు. "ఏమీ అనుకోకండమ్మా. ఈయన హేమంత్‌కుమార్ గారు, చేపల చెరువులు చేస్తారు. చాలా మర్యాదస్తులు. వాళ్ళావిడ అనుకుని పొరబడ్డారు." పెళ్ళాన్నయితే అలా తన్నొచ్చు, అది పొరపాటు లెక్కలోకి రాదు! ఆ నీళ్ళసీసాతో ఆయన బుర్ర బద్దలుకొట్టాలనిపించింది.

హేమంత్‌కుమార్ కళ్ళు మాత్రం నా భుజం మీదే ఉన్నాయి. వంగి, ఆ ఎర్రదారం కుట్టు మీద వేలు పెట్టాడు.

"ఇది నేను చింపిన చిరుగండీ," అన్నాడు నెమ్మదిగా. "ఈ డ్రెస్సు మీకెక్కడిదండీ?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. శ్రావ్య మొగుడు వీడే.

"ఏలూరు షాపులో కొన్నాను."

"చిరిగిన డ్రెస్సులు షాపులో అమ్ముతారాండీ?" అని గుమస్తావైపు తిరిగి, "షట్టరు కాస్త దించండి," అన్నాడు. గుమస్తా దించాడు.

"మా శ్రావ్య వెళ్ళిపోయి ఆరు నెలలైందండీ. అది ఎక్కడుందో మీకు తెలుసు. చెప్పండి, మీ దారిన మీరు వెళ్ళండి."

"తెలియదు."

చెంప మీద కొట్టాడు. "చెప్పండమ్మా." మళ్ళీ కొట్టాడు. "ఆడవాళ్ళని కొట్టడం నాకూ బాధేనండీ." ఈసారి వేళ్ళు మడిచి కొట్టాడు, ఉంగరం కనుబొమ్మ మీద దిగింది. ఒక్కో అండీకి ఒక్కో దెబ్బ. కుడి కన్ను రక్తంతో మూసుకుపోయింది. నల్లజర్ల, నర్సరీ. రెండు మాటలు. నాలిక చివరిదాకా వచ్చాయి. నేనేమీ వీరనారిని కాను, చెప్పేద్దామనే అనుకున్నాను.

"చెప్పేస్తే పోద్ది కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ?" అన్నారు భీమశంకరం గారు వెనకనుంచి.

ఎందుకో ఆ మాటకి నా నోరు గట్టిగా మూసుకుపోయింది. చెబితే నేను ఏలూరు బస్సెక్కుతాను. వీడు బైకు నల్లజర్లకి తిప్పుతాడు. మొహం చూశాక కూడా పరాయిదాన్ని ఇంతలా కొట్టినవాడు, ఆ పిల్లని ప్రాణాలతో వదలడు.

"పొట్టకి ఆపరేషన్ అయిందండీ నాకు, ఇంక కొట్టకండి," అన్నాను. అనకుండా ఉండాల్సింది. వాడు నన్ను బస్తాలకి అదిమి, కుట్లున్న చోట మోకాలు ఆనించి నొక్కాడు. "అయితే తొందరగా చెప్పండి మరి."

నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. పాత నూట ఇరవై రెండు కిలోల సాయిదుర్గ అయితే వాడిమీద కూర్చుని ఊపిరాడకుండా చంపేది. ఆ ఒళ్ళు కావాలని జన్మలో మొదటిసారి కోరుకున్నాను. చేత్తో తడుముకుంటే పక్క బస్తాకి గుచ్చి ఉన్న హమాలీ కొక్కెం తగిలింది. లాగి, నా గొంతు మీదకి వస్తున్న వాడి చేతిలో దించేశాను. మణికట్టు పైన కండలోంచి లోపలికి వెళ్ళి, ఎముకకి తగిలి ఆగింది. వాడు అరిచిన అరుపుకి షట్టరు అదిరింది. కొక్కెం బయటికి లాగాను. లాగినప్పుడు ఇంకా ఎక్కువ చిరిగింది. తవుడంతా ఎర్రబడింది. ఇంకో దెబ్బ మొహం మీద వేసేదాన్నే.

అంతసేపూ కదలని హమాలీలు అప్పుడు పరిగెత్తుకొచ్చి నా చేతులు విరిచి పట్టుకున్నారు.

"పోలీసులొస్తే మీ బతుకు బజారున పడద్దమ్మా," భీమశంకరం గారు అన్నారు. "ఆ డ్రెస్సు ఎక్కడిదో ఒక్క ముక్క చెప్పండి. ఏ కేసూ లేకుండా నేను చూసుకుంటాను."

పోలీసులొచ్చినా అడిగేది అదే ప్రశ్న. సాయంత్రానికల్లా హన్నమ్మ ఇంటికి జీపు వెళ్తుంది. నాకు అప్పుడు తోచింది ఒకటే.

"దొంగిలించాను," అన్నాను.

అందరూ నావైపు చూశారు.

"ఏలూరు స్టేషన్లో, విశాఖపట్నం వెళ్ళే రైల్లో. ఒకమ్మాయి సీటు మీద సంచి పెట్టి బాత్రూమ్‌కి వెళ్ళింది. ఎత్తుకుని దిగిపోయాను. నెలకో సైజు తగ్గుతున్నాను, కొనుక్కునే తాహతు లేదు."

హేమంత్‌కుమార్ తువ్వాలు చుట్టుకున్న చేతిని గుండెకి ఆనించుకుని, పళ్ళు బిగించి అడిగాడు. "సంచిలో ఇంకేమున్నాయి?"

"మెరూన్ పట్టు డ్రెస్సు. చేతులకి ముత్యాలు."

వాడి మొహంలో అనుమానం పోయింది. నమ్మాడు. వాడేమిటి, అందరూ నమ్మారు, అదీ ఒక్క క్షణంలో. పన్నెండేళ్ళు తాళాలు మోసిన మనిషిని, పది నిమిషాల క్రితం దాకా సాయిదుర్గ గారూ అని పిలిచినవాళ్ళు, దొంగ అనగానే తలలూపారు. "ఛీ, ఇంతా చేసి ఇదా," అన్నాడు గుమస్తా. వద్దన్నా కన్నీళ్ళొచ్చాయి. దొరికిపోయిన సిగ్గు అనుకుని ఉంటారు.

"దొంగముండ," అని మొహం మీద ఉమ్మి, "వైజాగా! దాని ఫ్రెండు ఒకత్తుంది అక్కడ," అనుకుంటూ వాడు షట్టరు ఎత్తించి బైకువైపు వెళ్ళాడు. చెయ్యి పనిచెయ్యక గుమస్తాని నడపమన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆ డ్రెస్సు మా ఆవిడది, విప్పించి ఉంచమన్నాడు. భీమశంకరం గారి భార్య పాత నైటీ ఒకటి ఇచ్చింది. దాంతోనే బస్సెక్కి కొల్లేరు దాటి ఏలూరు వచ్చాను. పక్కసీటులో ఎవరూ కూర్చోలేదు. నేను ఇల్లు చేరేలోపే ఓనరుకి ఫోను వెళ్ళింది. తాళాలు పంపించెయ్యమని కబురొచ్చింది, జరిగిందేమిటని ఒక్క మాట అడగలేదు.

హన్నమ్మకి ఫోను చేసి అంతా చెప్పాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి నల్లజర్ల వెళ్ళింది. తొమ్మిదింటికి ఆవిడ నంబరు నుంచి ఫోను వచ్చింది.

"నేనండీ, శ్రావ్యని." సన్నటి గొంతు. నేనెప్పుడూ వినని గొంతు. "కొక్కెంతో గుచ్చారంట కదండీ."

"గుచ్చానమ్మా."

"కుడి చెయ్యేనాండీ?"

"కుడి చెయ్యే. ఎముకదాకా దిగింది."

ఫోన్లో వెనక నర్సరీలో నీళ్ళ మోటారు చప్పుడు వినిపిస్తోంది. నా పెదవి వాచి, మాట సరిగ్గా రావడం లేదు.

"ఉద్యోగం పోయిందంట కదండీ నా వల్ల," అంది. "పదిమందిలో దొంగనని చెప్పారంట."

"పోతే పోనివ్వమ్మా," అన్నాను. నిజానికి పోతే పోనివ్వలేకపోతున్నాను. రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి ఆ పిల్లకి చెప్పలేదు.

"ఏవండీ," అంది.

"చెప్పమ్మా."

"ఆయన కొడితే ఏం చెయ్యాలో నాకు నాలుగేళ్ళలో ఎప్పుడూ తోచలేదండీ. కుడి చెయ్యి ఎత్తితే కళ్ళు మూసుకునేదాన్ని," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలో ఆగి, "అరిచాడాండీ?" అని అడిగింది.

"అరిచాడమ్మా. ఊరంతా వినపడేలా అరిచాడు."

"ఇంకోసారి చెప్పండి," అంది.

చెప్పాను.