పలకలు కడిగిన నీళ్లు

ఇవాళ వేసే సినిమా నా గురించి. ఇస్త్రీ మాత్రం మా ఆయన ఎంబేరిక్ వేసుకునే దర్రాకి. తొడుక్కునేది ఒక్క మనిషే అయినా గుడారమంత గుడ్డ పడుతుంది ఆ అంగీకి. పొద్దున్నే గంజి పెట్టి ఆరేశాను. ఇప్పుడు మడత మడతకీ పెట్టె తోస్తున్నాను. ఎంబేరిక్ చాప మీద చేరగిలబడి మూడో గ్లాసు టీ తాగుతున్నాడు. ఆ టీ కాచిందీ నేనే.

"మెసూదా, మైకు ఇస్తే రెండు మంచి మాటలు చెప్పి కూర్చో. గది ఆవిడ చేతిలో ఉంది, గుర్తుపెట్టుకో," అన్నాడు.

ఆవిడంటే తెకెబర్. మా అమ్మ, నేను ఊడిగం చేసిన ఇంటి ఆడపిల్ల. ఇప్పుడు ఆవిడకు రాజధాని నౌక్‌షాత్‌లో పెద్ద భవనం ఉంది. అందులో ఒక గది మా తరగతికి ఇస్తానంది. పద్ధెనిమిది మంది ఆడవాళ్లకు మా వాకిట్లో చదువు చెబుతున్నాను. గాలి లేస్తే నోట్లో ఇసుక, పుస్తకాల్లో ఇసుక. ఆ గది కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాం.

పెళ్లయిన కొత్తలో ఎంబేరిక్ "అక్షరాలు పోస్తే కుస్కుస్ ఉడుకుతుందా?" అని నవ్వేవాడు. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తే చీటీ నా చేతికిచ్చి, "మా ఆవిడ చదివేస్తుంది" అని పక్కవాళ్లకు వినపడేలా చెబుతాడు. చెడ్డవాడు కాదు. నా చదువు అంటే అతనికి ఇష్టమే, పనులన్నీ అయ్యాక మిగిలితే.

బానిసత్వం చెల్లదని చట్టం వచ్చిన ఏడాది నాకు పదకొండేళ్లు. ఆ తర్వాత మా గుడారాల్లో నన్ను బానిస అనడం మానేశారు. పని చెప్పడం మానలేదు. పదకొండేళ్ల ఆ పిల్ల, అంటే నేను, చదువు కోసం పడ్డ తపనే సినిమా. దర్శకుడు పరాయి దేశంలో పెరిగినవాడు. నా దగ్గరకు రెండుసార్లు వచ్చి చేపల పులావు తిని వెళ్లాడు. కథ అడిగింది మాత్రం తెకెబర్‌ని.

సాయంత్రం హాల్లో ఎంబేరిక్ ముందు వరసలో కూర్చున్నాడు, అంగీ నలగకుండా. నా పద్ధెనిమిది మందీ వెనక వరసలో. తెర మీద యజమానురాలు ఆ పిల్ల చేతిలో చెక్క పలక పెట్టి, తల నిమిరి, "చదువుకో తల్లీ" అంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. అలాంటి మనిషి ఆ పిల్లకైనా దొరికిందిలే అనిపించింది.

తర్వాత ఆ పిల్ల యజమానుల ఇంటి మదరసాలో అబ్బాయిల పలకలు కడిగింది. గిన్నెలో సిరా నీళ్లు తీసుకెళ్లి అందరూ నడిచే దారిలో గుమ్మరించింది.

దేవుడా క్షమించమంటూ వెనక వరస మొత్తం "అస్తగ్‌ఫిరుల్లా" అంది. పలక మీద రాసేది దేవుడి మాట. ఆ నీళ్లు తాగుతారు, లేదంటే ఎవరి కాలూ పడని చోట పోస్తారు. దర్శకుడికి తెలియదంటే సరే. కానీ ప్రతి సీనుకూ పక్కనే కూర్చుని కథ చెప్పింది తెకెబర్. ఆవిడకు ఈ సంగతి తెలియకపోదు. కాకపోతే ఆ గిన్నె ఆవిడ ఎప్పుడూ మొయ్యలేదు, అందుకే కంటికి ఆనలేదు. నాలుగేళ్లు మోసినదాన్ని నేను. ఒళ్లు మండిపోయింది.

దీపాలు వెలిగాయి. తెకెబర్ వేదిక మీద నిలబడి, "మెసూదా మా ఇంటి పిల్లే. మా అమ్మ దిద్దించిన అక్షరాలు ఇవాళ ఇంత దూరం వచ్చాయి. రా మెసూదా, నువ్వే చెప్పు," అంది.

నేను వెళ్తుంటే ఎంబేరిక్ రెండు వేళ్లు చూపించాడు. రెండు మాటలు, అంతేనని. వెనక వరస వైపు చూశాను. గది పోతుందని వాళ్లకీ తెలుసు. చివర కూర్చున్న ముసలి తుర్కియా గడ్డం ఎగరేసింది, చెప్పవే అన్నట్టు.

"సినిమా బాగుంది. ఆ పాప నాకంటే అందగత్తె," అన్నాను. అందరూ నవ్వారు. "కానీ ఆ నీళ్లు నేనెప్పుడూ పారబొయ్యలేదు, తాగేదాన్ని. అక్షరాలు లోపలికి పోతాయని మా అమ్మ చెప్పింది. నీళ్లతో ఏవీ లోపలికి పోలేదు. కడిగే ముందు ఒక్కో పలకా దొంగచాటుగా చూసుకునేదాన్ని, అలా చూసినవే లోపలికి పోయాయి. 'పలక కడగడానికి ఇంతసేపా, బద్ధకం మొహమా' అనేవారు ఈవిడ అమ్మగారు."

తెకెబర్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

"మెసూదా, మా అమ్మ నీకు పలక ఇవ్వలేదంటావా?" అంది మెల్లగా.

"ఎందుకివ్వలేదమ్మా," అన్నాను. "రోజూ పదకొండు ఇచ్చేవారు, కడగమని."