పదమూడు వాల్వులకు బొట్టు

పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీకి పొద్దున అందరికంటే ముందు వచ్చేవాడు మహబూబ్. కొలిమి అతనే వెలిగించాలి. సంగారెడ్డిలో గిన్నెలకు కళాయి పెట్టే ఇంట పుట్టి, కంచు పోత పోయడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నేను బి.ఎస్సీ. చదివి అక్కడ తనిఖీ చూసేవాణ్ణి. అతను పోసిందాన్ని నేను కొలిచేవాణ్ణి. తేడా వచ్చిందని చెప్పడానికి నాకే మొహమాటంగా ఉండేది. అతను మాత్రం, "ఇటియ్యి సార్, మళ్ల కరగబెడత," అని నవ్వేవాడు.

1974లో మాకో ఆర్డరు వచ్చింది. నౌకాదళం కోసం పడమటి తీరంలో ఓ ట్యాంకరు కడుతున్నారు. యుద్ధనౌకలు రేవుకు రానక్కర్లేకుండా, నడిసముద్రంలో పక్కపక్కనే సాగుతూ గొట్టంతో వాటికి ఆయిలు అందించే ఓడ అది. ఆ గొట్టాల దగ్గర బిగించడానికి పన్నెండు కంచు వాల్వులు కావాలి.

"అంటే రెండు లారీలు పక్కపక్కన ఉరుకుతుంటె ఒకదాంట్లకెల్లి ఇంకోదాంట్లకు డీజిల్ పోసినట్టా సార్?" అని అడిగాడు మహబూబ్.

"అంతే."

"అయితే చుక్క కారొద్దు," అన్నాడు.

పన్నెండు అడిగితే ఎందుకైనా మంచిదని పదమూడు పోశాడు. యజమాని కిషన్‌రావు గారు ముందే చెప్పేశారు. ఇవి పాసైతే పోత షెడ్డు ఉంటుంది, లేకపోతే దాన్ని మూసేసి లేతు మిషన్లతోనే నడుపుతారు. అప్పుడు మహబూబ్ మళ్లీ సంగారెడ్డి వెళ్లి గిన్నెలు ముందేసుకుని కూర్చోవాలి.

ఈలోగా దసరా వచ్చింది. ఏటా మిషన్లకు పసుపు కుంకుమ పెట్టేది పోత అచ్చులకు ఇసుక జల్లించే కమల. నా దగ్గర నా భార్య అరుణాదేవి కుంకుమ భరిణె ఉంది. ఆమె పోయాక మూడేళ్లుగా మూత తీయలేదు. ఎవరికైనా పనికొస్తే మేలనిపించి కమలకిచ్చాను. ఆమె కుంకుమను నూనెలో కలిపి అన్నిటికీ పెట్టింది. బల్ల మీద వరుసగా ఉన్న వాల్వులకు కూడా.

వారం తర్వాత నౌకాదళం తరఫున ఇన్‌స్పెక్టరు రాజారావు గారు వచ్చారు. విశాఖ మనిషి. మొదటి వాల్వు ఎత్తి చూసి, గట్టిపడిన బొట్టును గోటితో గీకారు.

"ఏమండీ విశ్వేశ్వర్ గారూ, ఇదేమిటి?"

"కుంకుమండీ. దసరాకి..."

"చిల్లులు కనపడకుండా లక్క పూసినవాళ్లను చూశాను, మైనం పూసినవాళ్లను చూశాను. కుంకుమ ఇదే మొదలు. సరిగ్గా ఈ మెడ దగ్గరే ఎందుకు పెట్టారు? పోతలో సన్న చిల్లులు పడితే ఇక్కడే పడతాయి. పరీక్షకు ముందు ఏదీ పూయకూడదని కాగితంలో రాసుంది కదా. ఈ సరుకంతా తిరస్కరించాలి."

కాగితం మొదట చదివింది నేనే. భరిణె ఇచ్చిందీ నేనే.

కమల ముందుకొచ్చింది. "నేనే పెట్టిన సారు. అది మెడ కాదు, నొసలు. నొసలు మీద గాక బొట్టు ఇంకేడ పెడతరు?"

రాజారావు గారు వాల్వును అటూ ఇటూ తిప్పి చూశారు. దానికి నొసలు ఎక్కడుందో వెతుకుతున్నట్టు ఉన్నారు.

"నా కొలిమికి గూడ పెట్టింది సాబ్," అన్నాడు మహబూబ్. "నా గడ్డం కాలొద్దని. జెర ఆగుండ్రి. మా ఇంట్ల గిన్నె చూసే తీరొకటున్నది. బయట సున్నం పూసి లోపల గ్యాసునూనె పోస్తం. నీళ్లు దూరని సందులల్ల గూడ గ్యాసునూనె దూరుతది. సున్నం మీద మరక లేస్తే గిన్నె పోయినట్టే. గట్ల చూసినంక మీ నీళ్ల పంపు పెట్టుండ్రి."

రాజారావు గారు గడియారం చూసుకున్నారు. "రెండు గంటలు," అన్నారు.

కమల తాను పెట్టిన బొట్లన్నిటినీ కుంకుడు రసంతో తానే కడిగింది. సున్నం పూసి, ఆరాక, లోపల కిరోసిన్ పోసి నిలబెట్టాం. ఇక చేసే పని లేదు. మహబూబ్ భార్య హమీదున్నీసా పంపిన టిఫిన్‌లో బగారన్నం ఉంది. నేను ఒంటరినయ్యాక రోజూ నాలుగు ముద్దలు ఎక్కువే పంపేది, ఎప్పుడూ ఆ మాట ఎత్తకుండా. ఆ రోజు అది రాజారావు గారికీ సరిపోయింది. మహబూబ్ మాత్రం ముద్ద ముట్టలేదు. వాల్వుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

రెండు గంటలయ్యాక చూస్తే ఒకదాని అడుగున పెసరగింజంత మరక. ఎవరూ ఏమీ అనకముందే మహబూబ్ దాన్ని కింద పెట్టి సమ్మెటతో రెండు దెబ్బలేశాడు.

"ఇది నా తప్పు సాబ్. మిగిలినయి చూడుండ్రి."

మిగిలిన పన్నెండింటి మీద సున్నం తెల్లగానే ఉంది. తర్వాత నీళ్ల పంపు పెట్టి, ఓడ మీద తట్టుకోవాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి ఎక్కించారు. మీటరు ముల్లు కిందికి దిగలేదు. రాజారావు గారు వాల్వు చుట్టూ చేత్తో తడిమి, పొడిగా ఉన్న అరచెయ్యి మహబూబ్‌కు చూపించారు. ఆ తర్వాత స్టాంపులు కొట్టడం మొదలుపెట్టారు.

కమల వచ్చి నిలబడింది. "ఇప్పుడన్న పెట్టుకోనిస్తరా సారు?"

"స్టాంపు పడ్డాక నా కాగితంలో ఏ అడ్డూ లేదమ్మా," అన్నారాయన. భరిణె తానే పట్టుకుని నిలబడ్డారు. పన్నెండో బొట్టుకు అది ఖాళీ అయింది.

మూడేళ్లకు రాజారావు గారి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఓడ మీద ఆయన కూడా వెళ్లారట. అలలు ఇంటి ఎత్తున లేస్తుంటే పక్కన యుద్ధనౌక, మధ్య వేలాడే గొట్టం. నాలుగు గంటలు ఆయిలు పోశారు, సముద్రంలో ఒక్క చుక్క పడలేదు. షెడ్డులో కొలిమి ముందు నిలబడి అందరికీ చదివి వినిపించాను.

"బొట్టు సంగతి ఏమన్న రాసిండా సారు?" అంది కమల.

"రాయలేదమ్మా. వాల్వులన్నిటికీ బూడిద రంగు వేశారని రాశారు."

"అయితే రంగు కింద ఉంటది," అని ఆమె ఇసుక జల్లెడ అందుకుంది.

మహబూబ్ కొలిమిలోంచి కడ్డీ పైకి తీసి పట్టుకుని, "ఆ చుక్క పడలేదన్న కాడ మళ్ల చదువు సార్," అన్నాడు.