చింతల సందు నాలుగో మూత

నేను ఒక ఇనుప మూతను. రోడ్డు కింద పారే కాలువలోకి మనిషి దిగడానికి వదిలిన గుంత మీద వేసే గుండ్రటి మూతను. మీరు నా మీద నుంచి వెయ్యిసార్లు నడిచి ఉంటారు, ఒక్కసారైనా నా మొహం చూసి ఉండరు. దానికి నాకేం కోపం లేదు. మూత ఎవరికీ గుర్తు రాలేదంటే ఊరు బాగున్నట్టే. ఊరి పేరు మాత్రం అడక్కండి. సముద్రం దగ్గర పెద్ద ఊరు. కార్పొరేషన్ ఉంది, మేయరు గారున్నారు, యాభై వార్డులున్నాయి. అంతకు మించి చెబితే ఉన్న ఊరికి చెడ్డపేరు తెచ్చినదాన్నవుతాను.

ఊరి చివర పోతపని చేసే షెడ్డులో పుట్టాను. ఒక చెరుకు గానుగ చక్రం, రెండు కుట్టుమిషను కాళ్ళు, ఎవరింటిదో విరిగిన గేటు కలిపి కరిగించి ఇసుక అచ్చులో పోశారు. పుట్టుకే అతుకుల బొంత. కాలు జారకుండా పైన గళ్ళు చెక్కినట్టు పోశారు, ఎత్తడానికి రెండు పక్కలా కొక్కేలు పట్టే కంతలు పెట్టారు. నలుగురు మోస్తే గాని కదలని బరువు. ఆ ఏడాది కార్పొరేషన్ నాలుగు వందల గుంతలు తవ్వించింది, మూతలు మాత్రం మూడు వందలే పోయించింది. మిగిలిన వాటికి వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు. ఆ వచ్చే బడ్జెట్ అనేది ఎప్పుడూ వచ్చే బడ్జెట్టే.

నా అదృష్టం, నన్ను చింతల సందులో వేశారు. ఇరవై మూడో వార్డు. ఆ సందు మొదట్లో నూకరత్నం ఇస్త్రీ బండి ఉండేది. ఆమె బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తే, ఆమె మొగుడు సత్తిబాబు మూటలు కట్టి ఇళ్ళకు చేరవేసేవాడు. సత్తిబాబుకు కళ్ళలో నీటికాసులు. పోయిన చూపు రాదు, ఉన్నదైనా నిలుపుకోమని డాక్టరు చెప్పాడు. పక్క చూపు అప్పటికే పోయింది, ఎదురుగా ఉన్నది మసక మసగ్గా కనిపించేది. అయినా మనిషి ఇంట్లో కూర్చునే రకం కాదు. చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో నడిచేవాడు. బండి దగ్గర నుంచి పన్నెండు అడుగులు వేసి, కుడికాలు చాపి నన్ను వెతికేవాడు. నా గళ్ళు అరికాలికి తగలగానే, "ఆ, వచ్చేసినాను," అని తనలో తానే అనుకుని ఎడమవైపు లాయరు గారింటి దారి పట్టేవాడు. రోజుకు ఎనిమిదిసార్లు. ఈ ఊళ్ళో నన్ను నన్నుగా పలకరించిన కాలు అదొక్కటే. దాని కోసం నేను ఎదురుచూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఇనుముకి కూడా ఆశ ఉంటుంది.

ఇక మా మేస్త్రి బంగారయ్య సంగతి. కాలువల పని ఆయనది. మూడు వందల మూతలతో నాలుగు వందల గుంతల్ని కాపురం చేయించడం ఆయనకు పెట్టింది పేరు. మంత్రి వస్తున్నాడంటే సందుల్లో మూతలు ఎత్తి పెద్దరోడ్డు మీద వేయించేవాడు. మంత్రి వెళ్ళగానే మళ్ళీ ఎవరి మూత వాళ్ళకి చేర్పించేవాడు. ఒకదానికొకటి కలిసిపోకుండా మా అడుగున తెల్లరంగుతో అడ్రసు రాసేవాడు. నా అడుగున "23 – చింతల సందు – 4" అని ఉంటుంది. మూత లేని నాలుగు రోజులూ గుంతలో ఒక చెట్టుకొమ్మ పాతి, దానికో ఎర్రగుడ్డ కట్టేవాడు. కొమ్మ కనిపిస్తే పక్కకు తప్పుకోవాలని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అప్పు తెచ్చుకున్న నగలతో పెళ్ళికి వెళ్ళొచ్చినట్టు, మా కార్పొరేషన్ అలా ఎన్నో తనిఖీలు గట్టెక్కింది.

ఆ సంవత్సరం మేయరు కాంతామణి గారికి మంచి ఆలోచన వచ్చింది. బడ్జెట్ ఆఫీసులో కూర్చుని రాయడం కాదు, ప్రతి వార్డునూ ఏం కావాలో అడుగుదాం, మొదటి కోరిక తప్పకుండా తీరుద్దాం అన్నారు. మనసులో ఉన్నదే అన్నారు, అందులో అనుమానం లేదు. మా వార్డు సభ ఇస్త్రీ బండి ముందే జరిగింది. కౌన్సిలరు సన్యాసమ్మ గారు కుర్చీ వేసుకుని నా మీదే కూర్చున్నారు. ఒకరు కల్యాణ మండపం అన్నారు, ఒకరు వ్యాయామశాల అన్నారు. నూకరత్నం ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"మండపాలు మీ ఇష్టమమ్మా. మా సందులో మూతలు మాత్రం కదపొద్దు. కదపక తప్పదంటే కొత్తవి పోయించండి. మా ఆయనకి కళ్ళు అంతంత మాత్రం. కొమ్మ కనబడదు, మూతైతే కాలికి తగుల్తాది."

సన్యాసమ్మ గారు అందరి ముందూ అదే మొదటి కోరికగా రాసుకున్నారు. చప్పట్లు కొట్టారు. సత్తిబాబు మురిసిపోయి, ఆ రోజు లాయరు గారి చొక్కాలు ఊరికే ఇచ్చేసి వచ్చాడు.

నెల తిరక్కుండా రాజధాని నుంచి పరిశీలన బృందం వస్తుందని కబురొచ్చింది. ఊరు శుభ్రంగా, భద్రంగా ఉందని వాళ్ళు రాస్తే పెద్ద గ్రాంటు వస్తుంది. బంగారయ్య బండి వేసుకుని సందుల్లోకి వచ్చాడు. నన్ను ఎత్తుతుంటే నూకరత్నం అడ్డం నిలబడింది.

"నాలుగు రోజులే తల్లీ. బంగారయ్య మాటంటే మాటే. ఎవులి మూతనైనా నాను పోగొట్టానా?" అన్నాడు. నిజమే, ఎప్పుడూ పోగొట్టలేదు. ఆమె తప్పుకుంది.

నన్ను తెచ్చి సరిగ్గా కార్పొరేషన్ ఆఫీసు గేటు ముందు వేశారు. ఆ గుంత నాకు సరిపడలేదు, అంచు కొంచెం వదులు. పైన బండి వెళ్తే టంగుమని అటూ ఇటూ ఊగేదాన్ని. బృందం వచ్చింది, కారు దిగింది, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. నగరంలో తెరిచి ఉన్న గుంత ఒక్కటీ లేదని రాసింది. గ్రాంటు వచ్చింది. నాలుగో రోజు బంగారయ్య కొక్కేలు పట్టుకుని వస్తే, ఇంజనీరు గారు వద్దన్నారు. బడ్జెట్ సభ అయ్యేదాకా పెద్దరోడ్డు ఇలాగే ఉండనివ్వమని కమిషనరు గారి మాట.

బడ్జెట్ సభకు జనం కూడా వినాలని గేటు మీద మైకు కట్టారు. నేను అంతా విన్నాను. అకౌంట్సు ఆఫీసరు జగ్గారావు గారు గొంతు సవరించుకుని, ఆదాయానికి మించి ఒక్క రూపాయి ఖర్చు చూపించినా రాజధాని నుంచి బడ్జెట్ తిరిగి వచ్చేస్తుందని గుర్తు చేశారు. జీతాలు తగ్గించలేం, నీళ్ళ మోటార్ల కరెంటు బిల్లు తగ్గించలేం. తగ్గించగలిగినవి కోరికలే. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్కో కోరిక కొట్టేస్తున్నప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. అంగన్‌వాడీ పైకప్పు ఉంచారు, ఆసుపత్రి మందులు ఉంచారు. ఇరవై మూడో వార్డు దగ్గరకు వచ్చేసరికి ఆయనకు ప్రాణం తేలికపడింది. "ఇది కొట్టేయక్కర్లేదండీ, అవసరమే తీరిపోయింది. గుంతలన్నిటికీ మూతలున్నాయని పరిశీలన బృందమే రాసిచ్చింది," అన్నారు.

మైకులో కాసేపు ఏ చప్పుడూ లేదు. సన్యాసమ్మ గారికి నిజం తెలుసు. తలుపు దగ్గర నిలబడిన బంగారయ్యకు ఇంకా బాగా తెలుసు. కాని నిజం చెబితే రిపోర్టు అబద్ధమవుతుంది. రిపోర్టు అబద్ధమైతే గ్రాంటు పోతుంది. గ్రాంటు పోతే అంగన్‌వాడీ కప్పు దగ్గర నుంచి అన్నీ కూలిపోతాయి. ఆ మౌనంలో ఎవరెవరు ఏం లెక్కవేసుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి బల్లలు చరిచారు. బడ్జెట్ సరిపోయింది.

సభ అయ్యాక కూడా నన్ను తిరిగి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. సభ జరిగిన మూడో రోజు మధ్యాహ్నం అకాల వాన పట్టుకుంది. ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. చింతల సందులో మోకాలి లోతు నీళ్ళు చేరాయి, కొమ్మ కొట్టుకుపోయింది. నూకరత్నం బొగ్గుల డిపోకు వెళ్ళి వానలో చిక్కుకుపోయింది. ఆ ఉదయమే టీ కొట్లో ఎవరో పేపరు పైకి చదివారు, ఊళ్ళో మూత లేని గుంత లేదని. సత్తిబాబు విన్నాడు. కార్పొరేషన్ వాళ్ళు, అందులోనూ పేపర్లో, అబద్ధం చెబుతారని ఆ మనిషికి తోచలేదు. తలమీద మూటతో, గోడ పట్టుకు పన్నెండు అడుగులు వేసి కొమ్మ కోసం చెయ్యి చాపాడట. కొమ్మ తగల్లేదు. మూత వేశారు కాబట్టే కొమ్మ తీసేశారనుకుని, "మూతొచ్చేసిందొరే," అని టీ కొట్టువాడికి కేక వేసి చెప్పాడట. నీళ్ళలో కుడికాలు చాపి నన్ను వెతికాడు.

ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయి. ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది వేరు. చింతల సందు కాలువ వచ్చి పెద్దరోడ్డు కాలువలో, సరిగ్గా నా కిందే కలుస్తుంది. నిండా పారుతున్న ఆ కాలువలో ఏదో వచ్చి నా అడుగున తగిలింది. మళ్ళీ తగిలింది. అది కొయ్య కాదు, రాయి కాదు. పిడికిలి. మూడుసార్లు తట్టింది. మూడోసారి వేళ్ళు నా కంతల దాకా వచ్చాయి. నా మీద గొడుగు వేసుకుని బంగారయ్య నిలబడి ఉన్నాడు, రోడ్డు మీద నీళ్ళకు దారి చూపిస్తూ. అరికాళ్ళ కింద మూడుసార్లూ అదురు తెలిసి ఒకసారి కిందికి చూశాడు. నీళ్ళ జోరు అనుకున్నాడు. నేను కదలాలని చూశాను. ఇన్నాళ్ళూ స్కూటరు వెళ్తేనే ఊగిన దాన్ని, ఆ ఒక్క క్షణం ఇసుమంత కూడా కదల్లేకపోయాను. ఎక్కడ నేను ఉండాలో అక్కడ లేను, ఎక్కడ ఉండకూడదో అక్కడ ఉన్నాను. ఆ తర్వాత తట్టడం ఆగిపోయింది.

మర్నాడు కాలువ సముద్రంలో కలిసే చోట సత్తిబాబు దొరికాడు. రికార్డు ప్రకారం ఆ గుంతకు మూత ఉంది కాబట్టి, పాత ఇనుప దొంగలెవరో ఎత్తుకుపోయారని విచారణలో తేల్చారు. పోలీసులు పాత సామాన్ల కొట్లన్నీ వెతికారు. నేను ఆఫీసు గేటు ముందే ఉన్నాను. వాళ్ళ జీపు నన్ను రోజూ తొక్కుకుంటూ వెళ్ళేది.

అప్పటి నుంచి నా మీద ఏ బండి వెళ్ళినా ఆ తట్టుడే వినిపిస్తుంది నాకు. బంగారయ్యకు కూడా వినిపిస్తుందని త్వరలోనే తెలిసింది. పని ఉన్నా లేకపోయినా గేటు దగ్గరకు వచ్చేవాడు. చెప్పులు విడిచి నా మీద నిలబడేవాడు. దిగేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. సభలో నోరు విప్పి ఉంటే, ఆ కబురు ఏ పేపర్లోనూ పడేది కాదు. ఆయనకది తెలుసు. ఎండకు కాలిపోతున్న నా మీద వట్టి కాళ్ళతో అలా ఎంతసేపైనా ఉండిపోయేవాడు. ఆఫీసు వాళ్ళు మేస్త్రికి మతి చెడిందన్నారు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం బండి తెచ్చాడు. ఎవరినీ అడగలేదు. ముగ్గురు కూలీలతో నన్ను ఎత్తించి, బండి ఎక్కించే లోపు నూకరత్నం వచ్చింది. ఎవరో చెప్పి ఉంటారు. మెడ బోసిగా ఉంది. చేతికి బొగ్గు మసి అలాగే ఉంది.

"నీ మూత నీకు తెచ్చేత్తన్నాను తల్లీ. నా ఉజ్జోగం పోతే పోనీ," అన్నాడు బంగారయ్య. ఆయన ఉగ్గబట్టుకోలేక రోడ్డు మీదే కూలబడ్డాడు. "ఆ రోజు నాను ఈడే నిలబడున్నానమ్మా. నా కాళ్ళ కిందే తట్టినాడు. నీళ్ళనుకున్నాను."

నూకరత్నం ఆయన వంక తిరిగింది.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

ఆమె తెరిచిన గుంత దగ్గరకు వెళ్ళి, అంచున కూర్చుని లోపలికి చూసింది. కింద నీళ్ళు సన్నగా పారుతున్నాయి. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని మేమిద్దరమూ ఎదురుచూశాం.

"ఇది అట్టుకెళ్ళిపోతే, ఈ గుంతకేటి ఎడతావు?" అంది.

బంగారయ్యకు జవాబు చెప్పడానికి సిగ్గేసింది. "కొమ్మ పాతుతాను," అన్నాడు నెమ్మదిగా.

"ఒద్దు. ఉన్నకాడే ఎట్టేయ్. ఈ దారిన కూడా ఎవులో ఒకరి మొగుడు నడుస్తాడు."

కూలీలు నన్ను తిరిగి దించే దాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. బంగారయ్య ఖాళీ బండి పట్టుకుని చాలాసేపు ఎండలో నిలబడ్డాడు.

మర్నాడు ఆయన మేయరు గారి గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడట. కాంతామణి గారు కళ్ళు తుడుచుకుని, వచ్చే బడ్జెట్లో తప్పకుండా అన్నారట. ఆమె మాట అబద్ధమని నేను అనను.

ఈ మధ్య వానలు మొదలయ్యాయి. మబ్బు పట్టగానే నూకరత్నం బొగ్గులు ఆర్పేస్తుందని, ఇస్త్రీ పెట్టె దించేసి సందులోకి నడుస్తుందని బంగారయ్య నా మీద నిలబడి కూలీలతో చెబుతుంటే విన్నాను. నీళ్ళు చేరే కొద్దీ మూత లేని నా పాత గుంత అంచునే నిలబడుతుందట. పాదాల దగ్గర నుంచి మోకాళ్ళ దాకా మునిగినా కదలదట. బడి వదిలిన పిల్లలు వస్తుంటే, "ఇటు రాకండి నాయనా, ఆ గోడవార పొండి," అని చెయ్యి చాపి చూపిస్తుందట. వాన వెలిసే దాకా అక్కడే ఉంటుందట.

నిన్న సాయంత్రం కూడా వాన పడింది. నేను ఆఫీసు గేటు ముందే ఉన్నాను. నా చోట ఆమె నిలబడి ఉంది.