పాపతో మాట్లాడని మూడేళ్ళు

నా నత్తి నా కూతురికి వస్తుందేమోనన్నదే నాకున్న అన్నిటికన్నా పెద్ద భయం. చావంటే కూడా నాకంత భయం లేదు.

బడిలో పాఠం చదవమన్నప్పుడల్లా క్లాసంతా నవ్వేది. తొమ్మిదో తరగతిలో నాన్న మాన్పించేశాడు. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నవ్వలేదు, మెచ్చుకున్నారు. నోరు లేని పెళ్ళాం దొరకడం అదృష్టంరా అని మా ఆయన స్నేహితులతో అంటుంటే, కాఫీలు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. పాప పుట్టి ఇంకా మంచం దిగకముందే అత్తయ్య చెప్పింది, "పిల్ల ముందు నువ్వు నోరు మెదపకమ్మా. విన్నదే అంటుకుంటుంది." మా ఆయన్ని అడిగితే, అమ్మ మన మంచికే చెబుతుందన్నాడు. నేనూ నమ్మాను. భయపడేవాళ్ళని నమ్మించడం ఎంతసేపు.

నీళ్ళు పోశాను, గుడ్డలు ఉతికాను, ముద్దలు కలిపి పెట్టాను, అన్నీ మూగగానే. పాడేటప్పుడు నాకు నత్తి రాదు. అయినా ఎందుకొచ్చిన గొడవని జోలపాట కూడా పాడలేదు. కబుర్లన్నీ అత్తయ్యవి, ఫోనువి. ఇప్పుడు పాప గలగలా మాట్లాడుతుంది, అందరితో. నా దగ్గరికొస్తే మాత్రం దాహానికి నోటి దగ్గర బొటనవేలు పెడుతుంది, ఆకలికి పొట్ట తడుముకుంటుంది.

నిన్న దానికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎప్పటినుంచని డాక్టరమ్మ నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే పాప చెప్పేసింది.

"మా అమ్మకి మాటలు రావు."

ఎంత తెలివో చూడండని అత్తయ్య మురిసిపోయింది.

"వ... వ... వచ్చు" అన్నాను. ఆ ఒక్క మాటకే మెడ నరాలు తేలాయి. పాప బెదురుగా చూసి, నా పెదాల మీద చెయ్యి పెట్టి, "నొప్పా?" అంది.

నత్తి రక్తంలో ఉంటే రావచ్చు గానీ, వింటే అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది. అంటే నా భయం అలాగే ఉంది, మూడేళ్ళు మాత్రం ఉత్త పుణ్యానికి పోయాయి.

పొద్దున్నుంచి పాపతో మాట్లాడుతున్నాను, ఆగి ఆగి, తెగి తెగి. కాసేపు వింటుంది. తర్వాత నాన్నమ్మ దగ్గరికి పరుగెత్తి, అమ్మ ఏమంటోందని అడుగుతుంది. చేజేతులా పిల్లని పాడుచేస్తున్నానని అత్తయ్య సణుగుతోంది. మా ఆయన టీవీ సౌండు పెంచాడు. పాపకి నా మాట ఎప్పటికైనా అలవాటవుతుందో లేదో తెలియదు. నేను మాత్రం మానను.

రాయడం వచ్చు కాబట్టి ఇది రాశాను. అదీ రానివాళ్ళుంటారు. మీ పక్కింట్లో, నోట్లో నాలుక లేని బంగారంలాంటి కోడలని అందరూ పొగిడే అమ్మాయి ఉంటే, ఒకసారి వెళ్ళి పలకరించండి. జవాబు వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడండి.