ఆరు గంటల యాభై మూడు నిమిషాలు

పదో నిమిషం. భానుశ్రీ కుడిచేత్తో సిరంజి దించి మొదటి గాజు పాత్రలోంచి నీళ్లు లాగింది. తర్వాత రెండోది, మూడోది. ఆరు పాత్రల్లో ఆరు మాత్రలు కరుగుతున్నాయి. ఎంతసేపట్లో ఎంత కరిగిందో చూడడం ఆమె పని. పది, ఇరవై, ముప్పై, నలభై అయిదు నిమిషాలకు నమూనా తీయాలి. తీసిన సమయం అప్పుడే సిరాతో రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయాలి. చెరపకూడదు.

ఎడమచెయ్యి బల్ల మీద పెట్టుకుంది. మణికట్టుకు కట్టు ఉంది. గ్లవ్ దాని మీదికి ఎక్కలేదు.

ప్లెయిన్స్‌బరోలోని ఆ మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమె చేరి ఏడేళ్లయింది. 2006లో వచ్చింది, ఇది 2013. ఆమె పేరు తెలియనివాళ్లు ఆ అంతస్తులో ఇంకా ఉన్నారు.

ఇరవయ్యో నిమిషం నమూనా తీశాక కోటు మార్చుకునే గదికి వెళ్లి లాకర్ తెరిచింది. ల్యాబ్‌లోకి ఫోన్ తేకూడదు. ఫోన్ మీద నోటీసు ఉంది: తేజేశ్వర్ ఆటలో ఉన్నాడు. వచ్చిన సమయం 9:12. లాకర్‌లోంచి ఆకుపచ్చ అట్ట నోట్‌బుక్ తీసి, మొదటి గడిలో తేదీ, రెండో గడిలో 9:12 రాసింది.

తేజేశ్వర్ ఆమె భర్త. ఉద్యోగం పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి ఆమె వీసా మీద డిపెండెంట్‌గా ఉన్నాడు, పని చేయడానికి వీల్లేదు. యుద్ధం ఆటలు ఆడతాడు. ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న ఆటలకు ఎన్ని గంటలు ఆడారో స్టోరే లెక్కకట్టి పేరు కింద చూపిస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆమెకూ అందులో ఖాతా తెరిచి, తన స్నేహితుల జాబితాలో చేర్చి, తుపాకి పట్టుకోవడం నేర్పింది అతనే. అప్పట్లో ఆమె చచ్చిపోయినప్పుడల్లా నవ్వేవాడు.

పోయిన నవంబర్‌లో ఆమె ఒక తప్పు చేసింది. అన్నం వడ్డిస్తూ, దసరా నుంచి నూట పది గంటలయిందని అంది. ఆ రాత్రి పళ్లెం ఆమె తలకు తగిలి పగిలింది. మర్నాడు అతను పాత ఆటలమ్మే షాపుకు వెళ్లి డిస్కు కొనుక్కొచ్చాడు. బయట కొన్న ఆటను స్టోర్ జాబితాలో పెట్టుకుంటే స్నేహితులతో మాట్లాడుతూ ఆడుకోవచ్చు. గంటలు మాత్రం స్టోర్ లెక్కకట్టదు.

“ఇప్పుడు లెక్కవెట్టు” అన్నాడు.

ఆమె లెక్కపెట్టింది. అతని స్నేహితుల జాబితాలో ఇంకా ఉంది కాబట్టి, ఆట మొదలైతే ఆమె ఫోన్‌కు తెలుస్తుంది, ఆగినా తెలుస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు లెక్కపెట్టడానికి ల్యాబ్ టైమర్ కోటు జేబులో పెట్టుకుని తెచ్చుకునేది. మూడో గడిలో ఆగిన సమయం, నాలుగో గడిలో మొత్తం, అయిదో గడిలో ఫలితం. గంటన్నర — ఏమీ లేదు. 2:20 — తిట్లు. 3:10 — చెంప. 3:45 — జుట్టు, గోడ. జూలైలో 4:20 — పక్కటెముక. మొన్న ఆదివారం 4:35 — ఎడమ మణికట్టు, తలుపు సందు. పదకొండు నెలల్లో నూట నలభై మూడు వరసలు. రెండు గంటలలోపు అయితే ఆమె తిన్నగా ఇంటికి వెళ్లేది. మూడు దాటితే కూరగాయల కొట్లో తిరిగి, అతను నిద్రపోయాక వెళ్లేది.

పదకొండున్నరకు చూసింది. ఆటలోనే ఉన్నాడు. పన్నెండున్నరకూ అంతే.

ఒంటిగంటకు అతనే ఫోన్ చేశాడు. వెనక తుపాకులు మోగుతున్నాయి. ఎవడో తెలుగులో “వేసెయ్ బావా, మెడ మీద వేసెయ్” అని అరుస్తున్నాడు.

“ఎన్నింటికొస్తవ్?”

“అయిదున్నరకు.”

“అయిదున్నరంటే అయిదున్నర. కూరగాయలు, గీరగాయలని తిరిగితే రెండో చెయ్యి గూడ పోతది.” నెమ్మదిగానే అన్నాడు. తర్వాత, “సచ్చిండు, సచ్చిండు” అన్నాడు, ఆమెతో కాదు.

ఆమె లాకర్ మూసింది. ల్యాబ్ నోట్‌బుక్, తన నోట్‌బుక్ ఒకే రంగు, ఒకే సైజు. ఒంటిచేత్తో రెండూ కలిపి పట్టుకుని, తనిఖీకి పెట్టే ట్రేలో చూసుకోకుండా రెండూ పెట్టేసింది.

రెండున్నరకు రాధారాణి పిలిచింది. ల్యాబ్‌లో ప్రతి పేజీ చదివి సాక్షి సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. గుంటూరావిడ, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంది. ఆమె బల్ల మీద తన నోట్‌బుక్ తెరిచి ఉండడం చూసి భానుశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది.

“తలుపేసి కూర్చో. ఈ అయిదో గడిలో పక్కటెముక అని ఉంది. ఇదేం శాంపిలమ్మా?”

భానుశ్రీ తలుపేసి కూర్చుంది.

“నూట నలభై మూడు ఎంట్రీలు. రాత శుభ్రంగా ఉంది, ఒక్క కొట్టివేత లేదు. కానీ ఒక్కదానికి కూడా ఏం చర్య తీసుకున్నావో రాయలేదు. ఒక్క మాత్ర కరక్కపోతే లాట్ మొత్తం ఆపేయిస్తావు కదే నువ్వు. మేనేజర్ బతిమాలినా వినవు.”

“ఆయన వీసా నా మీదుందండీ. నేను విడిపోతే ఆయన ఇక్కడ ఉండలేడు.”

“అతను ఉండలేడు సరే. నువ్వు ఇవాళ ఇంటికెళ్తే ఉంటావా?” రాధారాణి గడియారం చూసింది. “ఇవాళ 9:12 నుంచి లెక్కేస్తే అయిదు గంటలు దాటిందే. దాటాక ఏమవుతుందో ఇందులో లేదు.”

“ఇంతవరకు దాటలేదండీ.”

రాధారాణి పెన్ను మూత తీసింది. మొదటి పేజీ చదివి అడుగున సంతకం పెట్టి, తేదీ వేసింది. పేజీ తిప్పింది. “సాక్షి లేని పేజీ చెల్లదని నీకు నేర్పింది నేనే. పోలీసుల దగ్గరైనా చెల్లాలి కదా. వెళ్లి నీ పని ముగించుకో. మధ్యాహ్నం బ్యాచ్ ఉందిగా.”

భానుశ్రీ వెళ్లి కొత్త మాత్రలు ఆరు దించింది. పది. ఇరవై. ముప్పై నిమిషాలకు తీశాక లాకర్ దగ్గరికి వెళ్లింది. ఆట 4:05కు ఆగింది. ఆరు గంటల యాభై మూడు నిమిషాలు. కింద మిస్డ్ కాల్స్ నాలుగు. ఆఖరున ఒక మెసేజ్: వంటింట్లో కూర్చున్న. రా.

నలభై అయిదో నిమిషానికి ఆరు నమూనాలూ తీసింది. ఫలితాలు రాసి ల్యాబ్ నోట్‌బుక్ ట్రేలో పెట్టింది. లాకర్‌లోంచి పాస్‌పోర్టు తీసింది. జూలై నుంచి అది అక్కడే ఉంది.

రాధారాణి కారు దగ్గర నిలబడి ఉంది. ఆకుపచ్చ నోట్‌బుక్ ఆమె చంకలో ఉంది. “కడపటి వరసలో మొత్తం వేయలేదు” అంది.

భానుశ్రీ కారు బానెట్ మీద పుస్తకం పెట్టి మూడో గడిలో 4:05, నాలుగో గడిలో 6:53 రాసింది. అయిదో గడి ఖాళీగా వదిలి కారెక్కింది. కారు పోలీస్ స్టేషన్ వైపు తిరిగింది.

పైన ల్యాబ్‌లో దీపాలు ఆర్పేశారు. రోజూ కోటు జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లే టైమర్ గాజు పాత్రల పక్కన ఇనుప స్టాండుకు అతుక్కుని ఉంది. నలభై అయిదు అయ్యాక దాన్ని ఆపలేదు. అది అరవై ఒకటి దాటి, అరవై రెండు చూపిస్తోంది.